చెంచాకి లెక్క నేర్పిన ఫానీ ఫార్మర్

ఒక కప్పు మైదా, ముప్పావు కప్పు పంచదార, ఒక టీ స్పూన్ బేకింగ్ పౌడర్... ఏ వంటల పుస్తకం తీసినా, ఏ పత్రిక తిరగేసినా కేకు తయారీ ఇలాగే మొదలవుతుంది. మనమూ అలవాటుగా కప్పు తీసుకుంటాం, కొలుస్తాం, కలుపుతాం. కానీ ఆ కప్పు ఎంత ఉండాలి, చెంచా గోపురంలా నింపాలా, అంచుకి సమంగా తీసుకోవాలా అన్నది ఎవరో ఒకరు కూర్చుని తేల్చి ఉండాలి కదా! ఆ పని చేసి, దాన్ని ఇల్లిల్లూ అలవాటు చేసుకునేలా చేసినావిడ పేరు ఫానీ మెరిట్ ఫార్మర్. అమెరికాలో ఆవిడని కొలతల తల్లి అని గౌరవంగా చెప్పుకుంటారు.

ఇంతకీ ఆవిడేమీ పెద్ద చదువులు చదివిన శాస్త్రవేత్త కాదు. హైస్కూలు కూడా పూర్తి చేయలేకపోయింది. సరిగా నడవలేని మనిషి. ముప్ఫయ్యేళ్ళ వయసులో మళ్ళీ విద్యార్థినిగా చేరి, ముప్ఫై తొమ్మిదేళ్ళకి పుస్తకం రాసి, వంటింటి స్వరూపాన్నే మార్చేసింది.

చదువుల ఇంట్లో పెద్దమ్మాయి

ఫానీ 1857 మార్చి 23న బోస్టన్‌లో పుట్టింది. తండ్రి జాన్ ఫ్రాంక్లిన్ ఫార్మర్ ముద్రణ వృత్తిలో ఉండేవాడు. తల్లి పేరు మేరీ. నలుగురు ఆడపిల్లల్లో ఫానీయే పెద్దది. బోస్టన్‌కి దగ్గరలోనే ఉన్న మెడ్‌ఫర్డ్‌లో పెరిగింది. ఇంట్లో డబ్బు మరీ ఎక్కువేం లేదుగానీ పుస్తకాలకి కొదవ లేదు. ఆడపిల్లలైనా సరే బాగా చదువుకోవాలన్నది ఆ తల్లిదండ్రుల పట్టుదల. పెద్దమ్మాయిని కాలేజీకి పంపాలని ముందునుంచీ అనుకునేవారు. అమ్మాయి కూడా తెలివైనదే. ఇంకేం, అంతా అనుకున్నట్టే జరుగుతుందనుకున్నారు.

పదహారో ఏట, హైస్కూల్లో చదువుతుండగా, ఒక్కసారిగా కాలు పడిపోయింది. పక్షవాతం అన్నారు. అది పోలియో అయి ఉండవచ్చని తర్వాతి కాలంలో కొందరు రాశారు. ఏదైతేనేం, పరుగులు తీసే పిల్ల మంచం పట్టింది. ఏళ్ళ తరబడి నడవలేకపోయింది. చదువు మళ్ళీ మొదలుపెట్టవద్దన్నారు డాక్టర్లు. కాలేజీ మాట అలా ముగిసిపోయింది. నెమ్మదిగా లేచి నిలబడినా, ఆ కుంటితనం జీవితాంతం వెంటే ఉంది.

ఆ రోజుల్లో ఒక ఆడపిల్లకి ఇలా జరిగితే ఇంటిల్లిపాదికీ బెంగే. పెళ్ళి మాట అటుంచి, రేపు అమ్మానాన్నా పోయాక ఈ పిల్ల ఎలా బతుకుతుంది అన్న దిగులు ఏ ఇంట్లోనైనా ఒకటే. అక్కడైనా, ఇక్కడైనా!

వంటింట్లో దొరికిన దారి

ఫానీ ఇంట్లో ఊరికే కూర్చోలేదు. కాస్త లేచి తిరగగలిగాక వంటింట్లోకి అడుగుపెట్టింది. సంసారం గడవడానికి వాళ్ళ అమ్మగారి ఇంటిని భోజన వసతితో అద్దెకిచ్చే బోర్డింగ్ హౌస్‌గా నడిపారు. అక్కడ ఫానీ చేతి వంటకి త్వరలోనే మంచి పేరొచ్చింది. డబ్బులిచ్చి తినేవాళ్ళకి వండిపెట్టడం అంటే మాటలు కాదు. ఇంట్లోవాళ్ళయితే ఒకరోజు అటూ ఇటూ అయినా సర్దుకుంటారు. అద్దెకున్నవాళ్ళు సర్దుకోరు. నిన్న బాగున్న రొట్టె ఇవాళ కూడా అలాగే ఉండాలి. తెచ్చిన సరుకు వృథా కాకూడదు. ఒకటే రుచి, ఒకటే ఖర్చు. ఈ రెండూ ఆవిడ ఎంత త్వరగా ఒంటబట్టించుకుందో తర్వాతి జీవితం చూస్తే తెలుస్తుంది.

ఆ తర్వాత చార్లెస్ షా అనే ఆయన ఇంట్లో సహాయకురాలిగా పనికి కుదిరింది. ఆ ఇంటి చిన్నమ్మాయి వంట నేర్చుకుంటూ, అక్రోటు కాయంత వెన్న అంటే ఎంత అని అడిగిందనీ, ఆ ప్రశ్నతోనే ఫానీకి సమానమైన కొలతల ఆలోచన వచ్చిందనీ ఒక కథ ఉంది. కథ అచ్చంగా అలాగే జరిగిందో లేదోగానీ, పసిపిల్ల అడగాల్సిన ప్రశ్న మాత్రం అదే! కాయలన్నీ ఒక్క సైజులో ఉండవు కదా.

ఫానీ పనితనం, ఆసక్తి గమనించిన షా గారి భార్యే, ఇంత ఇష్టం ఉన్నప్పుడు పద్ధతిగా నేర్చుకోమని ఆవిడని బోస్టన్ కుకింగ్ స్కూల్లో చేరమని ప్రోత్సహించింది. ఒక్కోసారి మన జీవితం మలుపు తిరగడానికి పక్కనున్నవాళ్ళ ఒక్క మంచిమాట చాలు.

బోస్టన్ వంట బడి

బోస్టన్ కుకింగ్ స్కూల్‌ని 1879లో అక్కడి మహిళా విద్యా సంఘంవాళ్ళు మొదలుపెట్టారు. వంటని వృత్తిగా చేసుకుని బతకాలనుకునే స్త్రీలకి శిక్షణ ఇవ్వడం దాని ఉద్దేశం. మేరీ లింకన్ అనే ఆవిడ తొలిరోజుల్లో అక్కడ ప్రిన్సిపాల్‌గా ఉండి, 1884లో బోస్టన్ కుక్ బుక్ అనే పుస్తకం కూడా రాసింది. వంటని వట్టి చేతివాటంగా కాక, పోషకాలు, పరిశుభ్రత, రసాయన శాస్త్రంతో కలిపి నేర్పాలనే ఉద్యమం అప్పుడే ఊపందుకుంటోంది.

1887లో ఫానీ ఆ బళ్ళో చేరింది. అప్పటికి ఆవిడ వయసు ముప్ఫై. ఈ వయసులో బడేమిటి అని ఎవరన్నా అనుకున్నారేమోగానీ ఆవిడ పట్టించుకున్నట్టు లేదు. 1889లో శిక్షణ పూర్తయ్యేసరికే అందరికంటే చురుకైన విద్యార్థిని అనిపించుకుంది. బడివాళ్ళు వదులుకోకుండా ప్రిన్సిపాల్‌కి సహాయకురాలిగా పెట్టుకున్నారు. కొన్నేళ్ళలో తనే ప్రిన్సిపాల్ అయింది. కాలేజీ గడప తొక్కలేకపోయిన అమ్మాయి ఒక బడికే పెద్ద దిక్కయిందన్నమాట.

గుడ్డంత వెన్న, తగినంత పిండి

అప్పటి వంటల పుస్తకాల్లో కొలతలు ఎలా ఉండేవో చూస్తే మనకి నవ్వొస్తుంది. కోడిగుడ్డంత వెన్న, టీ కప్పుడు పంచదార, వైన్ గ్లాసుడు పాలు, గట్టిపడటానికి తగినంత పిండి. చెంచాల్లోనూ మూడు రకాలు. గోపురంగా నింపిన చెంచా, కాస్త ఉబ్బెత్తుగా ఉన్న చెంచా, అంచుకి సమానమైన చెంచా. గోపురం చెంచాలో సోడా వేస్తే అంచు చెంచాకంటే రెండింతలు పడుతుంది. ఆ కేకు నోట్లో పెట్టుకుంటే చేదు!

మరి మన ఇళ్ళల్లో మాత్రం? ఉప్పు తగినంత, కారం తగినంత, చింతపండు నిమ్మకాయంత. మన వంటలు అలాగే నడిచిపోతున్నాయి, బాగానే ఉంటున్నాయి అంటారా? నిజమే. పప్పులో ఉప్పు తగ్గితే వేసుకోవచ్చు. పులుసు మరీ పుల్లగా ఉంటే చిన్న బెల్లంముక్క పడేయొచ్చు. మధ్యలో రుచి చూసి దిద్దుకునే వీలుంది. కేకు అలా కాదు. పొయ్యిలో పెట్టి తలుపు వేశాక మన చేతిలో ఏమీ ఉండదు. అరిసెల పాకం లాంటిదే ఇదీ. ఒకసారి అదను తప్పితే ఇక దిద్దుబాటు లేదు. పిండి ఎక్కువైతే గట్టిగా రాయిలా తయారవుతుంది. పంచదార, వెన్న ఎక్కువైతే మధ్యలో కుంగిపోతుంది. సోడా తక్కువైతే పొంగదు.

చెడిపోయిన కేకంటే కేకు ఒక్కటే పోయినట్టు కాదు. నాలుగు గుడ్లు, అంత వెన్న, అంత పంచదార, పొయ్యిలో కాలిన బొగ్గు అన్నీ పోయినట్టే. నెల జీతం మీద ఇల్లు గడుపుకునే ఇల్లాలికి అది చిన్న నష్టం కాదు. పైగా ఎంతోమంది ఆడవాళ్ళు పెళ్ళయి, పుట్టింటికి దూరంగా, కొత్త ఊళ్ళకి కాపురాలు వెళ్తున్న కాలం అది. పక్కన నిలబడి ఇంత వెయ్యమ్మా, ఇక చాలమ్మా అని చెప్పడానికి అమ్మ లేదు, అత్త లేదు. వాళ్ళకి కావలసింది చేతివాటం కాదు, అచ్చులో ఉన్న ఒక నికరమైన లెక్క. ఫానీ పట్టుకున్నది ఆ అవసరాన్ని.

కత్తితో గీసిన గీత

ఫానీ పెట్టిన నియమాలు వింటే ఇంతేనా అనిపిస్తాయి. ఒక కప్పు అంటే అర పింటు పట్టే కప్పు. మన లెక్కలో దాదాపు 240 మిల్లీలీటర్లు. పావు, మూడోవంతు, సగం గీతలున్న కొలత కప్పులు అప్పటికే బజారులో వస్తున్నాయి. వాటినే వాడమంది. మూడు టీ స్పూన్లు కలిస్తే ఒక టేబుల్ స్పూన్, పదహారు టేబుల్ స్పూన్లు కలిస్తే ఒక కప్పు. కప్పయినా, చెంచా అయినా అంచుకి సమంగానే తీసుకోవాలి, గోపురం ఉండకూడదు.

పిండిని కొలిచేముందు జల్లించాలి. చెంచాతో నెమ్మదిగా కప్పులో నింపాలి, కప్పుని కుదపకూడదు. ఆపైన కత్తి వీపుతో అంచు మీదుగా ఒక్క గీత గీసినట్టు లాగి, పైనున్న పిండి తీసేయాలి. ఎందుకంటే అదే కప్పులో పిండి వదులుగా పోస్తే 120 గ్రాములు, అదిమి నింపితే 150 గ్రాములదాకా పడుతుంది. రెండు కప్పులకి అరవై గ్రాముల తేడా వచ్చిందంటే కేకు పని అయినట్టే! వెన్నని మాత్రం ఖాళీ లేకుండా గట్టిగా అదిమి నింపాలి.

మరి అర చెంచా ఎలా? సమంగా తీసిన చెంచాడు పొడిని కత్తితో పొడవునా మధ్యకి చీల్చి, సగం తీసేయమంది. పావు కావాలంటే ఆ సగాన్ని మళ్ళీ అడ్డంగా చీల్చాలి. అరపావు దాకా ఇలాగే లెక్క. అంతకన్నా తక్కువైతే నాలుగు రేణువులు అంటే చాలు. చూశారా! త్రాసు అక్కర్లేదు, ఖరీదైన సామాను అక్కర్లేదు. ఒక కప్పు, ఒక చెంచా, వంటింట్లో ఎప్పుడూ ఉండే కత్తి. అంతే.

అయితే ఒక్క మాట. కొలతలు అసలు కనిపెట్టింది ఫానీయే అని కొందరు రాస్తుంటారు. అది పూర్తి నిజం కాదు. ఆవిడకి ముందు మేరీ లింకన్ వంటివాళ్ళూ కొలతల పట్టికలు ఇచ్చారు. కానీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అన్ని వంటలకీ ఒకే కొలత అని గట్టిగా నిలబడి, దాన్ని దేశం మొత్తానికి అలవాటు చేసిన ఘనత మాత్రం ఆవిడదే.

ఎవరూ నమ్మని పుస్తకం

1896లో ఫానీ తన బోస్టన్ కుకింగ్ స్కూల్ కుక్ బుక్ రాతప్రతి తీసుకుని లిటిల్, బ్రౌన్ అనే ప్రచురణ సంస్థకి వెళ్ళింది. ఇప్పటికే ఇన్ని వంటల పుస్తకాలున్నాయి, ఇంకోటి ఎవరు కొంటారని వాళ్ళకి సందేహం. చివరికి 3,000 ప్రతులు వేయడానికి ఒప్పుకున్నారుగానీ, అచ్చు ఖర్చు మాత్రం రచయిత్రే పెట్టుకోవాలన్నారు. ఫానీ సరేనంది. ఖర్చు తనదే కాబట్టి పుస్తకం మీద హక్కులూ తన దగ్గరే ఉంచుకుంది.

ఆ ఒక్క షరతు ఆవిడ జీవితాన్ని నిలబెట్టింది. 1897లోనే పుస్తకం మళ్ళీ అచ్చుకెళ్ళింది. ఆ తర్వాత ఆగిందే లేదు. దశాబ్దాలమీద కూచిక్రాఫ్టు మాటలు చెప్పుకున్నట్టు తరాలు మారినా అమ్ముడవుతూనే వచ్చింది. మొత్తం నలభై లక్షల ప్రతులకి పైగా అమ్ముడైందని అంచనా. నమ్మనివాళ్ళకి లాభం వచ్చింది, నమ్మినావిడకి అంతకు మించి వచ్చింది. ఎవరిమీదా ఆధారపడకుండా, తన సంపాదన మీద తను దర్జాగా బతికింది ఫానీ.

ఆ పుస్తకంలో సుమారు 1,850 వంటలున్నాయి. కానీ వంటలతో మొదలవదు. ఆహారం అంటే ఏమిటి, ఒంట్లో ఏం చేస్తుంది అన్న సంగతులతో మొదలవుతుంది. బొగ్గు పొయ్యిలో నిప్పు ఎలా రాజేయాలో కూడా చెప్పింది. పొయ్యిలకి వేడి చూపించే మీటలు లేని రోజులవి. అందుకే కొలత ఎంత ముఖ్యమో, పొయ్యి మంట తీరు తెలుసుకోవడమూ అంతే ముఖ్యమని ఆవిడకి తెలుసు.

ఆ రోజుల్లో అమెరికాలో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని ఒక కేకు ఉండేది. ఒక కప్పు వెన్న, రెండు కప్పుల పంచదార, మూడు కప్పుల పిండి, నాలుగు గుడ్లు. చదువు రాని ఆడవాళ్ళకి కూడా నోటికి వచ్చేలా కట్టుకున్న లెక్క అది. అంటే కొలత కావాలన్న తపన సామాన్య గృహిణుల్లో ముందునుంచే ఉంది. ఫానీ దానికి ఒక ఒరవడి దిద్దింది. 1906లో ఆవిడ మార్చి వేసిన పుస్తకంలో చాక్లెట్ బ్రౌనీ కూడా ఉంది. ఇవాళ మన పిల్లలు బేకరీల్లో ఎగబడి కొనుక్కునే బ్రౌనీకి అచ్చులో కనబడే తొలి పద్ధతుల్లో అదొకటి.

సొంత బడి, రోగుల వంట

1902లో ఫానీ పాత బడి వదిలి, మిస్ ఫార్మర్స్ స్కూల్ ఆఫ్ కుకరీ అని సొంతంగా పెట్టింది. పాత బడి ఎక్కువగా వంట నేర్పే టీచర్లకోసం నడిచేది. ఈ కొత్త బడి మాత్రం ఇల్లు నడుపుకునే ఆడవాళ్ళకోసం, నర్సులకోసం. ఆవిడ ఇచ్చే ఉపన్యాసాలకి జనం విరగబడి వచ్చేవారు. బోస్టన్ పత్రికల్లో అవి అచ్చయ్యేవి. చెల్లెలు కోరాతో కలిసి విమెన్స్ హోమ్ కంపానియన్ అనే పత్రికలో దాదాపు పదేళ్ళు వంటల శీర్షిక నడిపింది.

ఎక్కడైనా కొత్త రుచి తగిలితే వదిలేది కాదట. హోటల్లో తిన్న సాస్‌లో ఏం వేశారో అర్థం కాకపోతే, విజిటింగ్ కార్డు మీద ఇంత అద్దుకుని బడికి పట్టుకెళ్ళి పరీక్షించేదని చెప్పుకునేవారు!

ఇన్నిటిలోనూ ఫానీకి తన మనసుకి దగ్గరైన పని వేరే ఉంది. 1904లో రోగులకీ, జబ్బుచేసి కోలుకుంటున్నవాళ్ళకీ పెట్టాల్సిన ఆహారం గురించి ఒక పుస్తకం రాసింది. జనం తనని గుర్తుపెట్టుకునేది దీనివల్లే అని ఆవిడ నమ్మింది. పసిపిల్లలకి ఏం పెట్టాలి, జ్వరం తగ్గినవాళ్ళకి ఎంత పెట్టాలి, నోటికి సహించనివాళ్ళకి పళ్ళెం ఎలా అలంకరించి తీసుకెళ్ళాలి, అన్నీ అందులో ఉన్నాయి. పదహారేళ్ళకే మంచం పట్టి, ఎవరో తెచ్చిపెట్టే పళ్ళెంకోసం ఎదురుచూసిన మనిషి కదా! ఆ పళ్ళెం విలువ ఆవిడకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

మధుమేహం గురించి కూడా అందులో విడిగా రాసింది. ఇన్సులిన్ ఇంకా కనుక్కోని కాలం అది. 1921లోగానీ అది రాలేదు. అంతదాకా షుగరు జబ్బుకి తిండిని అదుపులో పెట్టడమే దిక్కు. ఏది ఎంత తినాలో కొలిచి చెప్పే మనిషి అవసరం అప్పుడెంత ఉండేదో ఊహించుకోండి. మధుమేహ వైద్యంలో పెద్దపేరు తెచ్చుకున్న డాక్టర్ ఇలియట్ జోస్లిన్‌కి ఆ పరిశోధనలో ఫానీ ప్రోత్సాహం ఉందంటారు.

ఆవిడ నర్సులకి పాఠాలు చెప్పింది. హార్వర్డ్ వైద్య కళాశాలలో డాక్టర్లకి కూడా ఉపన్యాసం ఇచ్చింది. ఆ కళాశాల ఆడపిల్లల్ని విద్యార్థులుగా చేర్చుకోవడం మొదలుపెట్టింది 1945లో. అంటే ఆడవాళ్ళు కూర్చుని చదువుకోవడానికే వీల్లేని చోట, హైస్కూలు పూర్తి చేయని ఒక ఆడమనిషి నిలబడి పాఠం చెప్పిందన్నమాట. ఒంట్లో కుంటితనం ఉందిగానీ ఆ మనిషి నడిచిన దూరం ఎంతో చూడండి!

చక్రాల కుర్చీలోంచి

చివరి ఏడేళ్ళూ ఫానీకి మళ్ళీ కాళ్ళు సహకరించలేదు. చక్రాల కుర్చీకే పరిమితమైంది. అయినా పాఠాలు మానలేదు, రాయడం మానలేదు. 1912లో ఇంకో కొత్త వంటల పుస్తకం తెచ్చింది. చక్రాల కుర్చీలో కూర్చునే వేదిక మీదికి వచ్చి వంటలు చెప్పేది. చనిపోవడానికి పది రోజుల ముందు కూడా ఒక ఉపన్యాసం ఇచ్చింది. 1915 జనవరి 15న, యాభై ఏడేళ్ళ వయసులో బోస్టన్‌లో కన్నుమూసింది.

ఆవిడ పెట్టిన బడిని తర్వాత ఎలిస్ బ్రాడ్లీ అనే ఆవిడ 1944 దాకా నడిపింది. పుస్తకాన్ని మొదట చెల్లెలు కోరా, ఆ తర్వాత కోరా కోడలు విల్మా లార్డ్ పెర్కిన్స్ కాలానికి తగ్గట్టు మారుస్తూ వచ్చారు. 1979లో మారియన్ కనింగ్‌హామ్ అనే రచయిత్రి పూర్తిగా తిరగరాసి కొత్త తరానికి అందించింది. ఒక ఆడపిల్ల చేతి నుంచి ఇంకో ఆడపిల్ల చేతికి, అలా అలా!

ఆవిడ పద్ధతి మీద విమర్శలూ లేకపోలేదు. కప్పు లెక్కకంటే గ్రాముల్లో తూచుకోవడమే నికరం అని ఐరోపావాళ్ళు ఎప్పుడూ అంటారు. అది నిజమే. త్రాసు ఉన్నవాళ్ళు తూచుకుంటే మరీ మంచిది. అలాగే లెక్క ఉంటే చాలు, చెయ్యి అక్కర్లేదు అనుకోవడమూ పొరపాటే. పిండి తీరు, ఎండ, తేమ ఊరూరికీ మారతాయి. కానీ త్రాసు లేని ఇంట్లో, అనుభవం లేని అమ్మాయికి, మొదటిసారే కేకు బాగా వచ్చేలా చెయ్యడం చిన్న విషయం కాదు. పొదుపంటే సరుకు తగ్గించి వెయ్యడం కాదు, వేసిన సరుకు వృథా పోకుండా చూసుకోవడం. ఫానీ నేర్పింది ఆ పొదుపే.

మన వంటింట్లో ఫానీ లెక్క

ఓవెన్ లేదు, గుడ్లు వాడం, వెన్న ఖరీదు అనుకునే ఇళ్ళల్లో కూడా పిల్లలకి ఆదివారం ఒక మంచి కేకు చేసిపెట్టొచ్చు. ఇది ఫానీ పుస్తకంలోది కాదు, మన ఇళ్ళల్లో చేసుకునే పెరుగు కేకే. కొలిచే తీరు మాత్రం ఆవిడది.

కావలసినవి: మైదా ఒకటిన్నర కప్పు, పంచదార ముప్పావు కప్పు, మరీ పులవని గట్టి పెరుగు ఒక కప్పు, వాసన లేని నూనె అర కప్పు, బేకింగ్ పౌడర్ ఒకటింబావు టీ స్పూన్, వంట సోడా అర టీ స్పూన్, వెనిలా ఎసెన్స్ ఒక టీ స్పూన్. కప్పంటే 240 మిల్లీలీటర్లది. ఇంట్లో కొలత కప్పు లేకపోతే ఏదో ఒక గ్లాసు ఎంచుకుని అన్నిటికీ అదే వాడండి. గ్లాసు మరీ చిన్నదైతే సోడా, పౌడర్ కూడా ఆ మేరకి తగ్గించాలి.

ముందు మైదా జల్లించి, చెంచాతో కప్పులో నింపి, కత్తితో అంచుకి సమం చేసి కొలవండి. పెరుగు, పంచదార కలిపి, పంచదార కరిగేదాకా గిలక్కొట్టండి. అందులో బేకింగ్ పౌడర్, సోడా వేసి కలిపి అయిదు నిమిషాలు వదిలేస్తే నురగ వస్తుంది. అప్పుడు నూనె, ఎసెన్స్ పోయండి. మైదా కొంచెం కొంచెంగా వేస్తూ ఉండలు లేకుండా కలపండి. కలిసిందాకానే, ఎక్కువ తిప్పితే కేకు గట్టిపడుతుంది. నూనె రాసి, పిండి చల్లిన గిన్నెలో పోయండి. గిన్నె మూడింట రెండువంతులే నిండాలి.

పాత కుక్కర్ ఒకటి తీసి, అడుగున కప్పుడు దొడ్డుప్పు పరిచి, దానిమీద స్టాండ్ పెట్టండి. మూతకి రబ్బరు, విజిల్ తీసేయాలి. ఇది మర్చిపోకూడదు. నీళ్ళు పోయకూడదు. మూతపెట్టి పది నిమిషాలు వేడెక్కనిచ్చి, గిన్నె లోపల పెట్టి, సన్నని సెగమీద నలభై నిమిషాలు ఉంచండి. మధ్యమధ్యలో మూత తీస్తే పొంగు పడిపోతుంది. ఆఖర్న పుల్ల గుచ్చి చూడండి. తడి అంటకుండా వస్తే దింపేయొచ్చు. పూర్తిగా చల్లారాకే కోయండి. ఎనిమిది ముక్కలు వస్తాయి.

బాగా కుదిరితే ఆ రోజు ఏ గ్లాసు వాడారో, ఎంతసేపు ఉంచారో ఒక నోటుబుక్‌లో రాసిపెట్టుకోండి. అదే పుస్తకంలో ఇంకో పని కూడా చేయొచ్చు. మీ అమ్మగారో, అత్తగారో సున్నుండలు చేస్తుంటే, ఆవగాయ కలుపుతుంటే పక్కన కూర్చుని, వాళ్ళు గుప్పెడు తీసినప్పుడల్లా ఆ గుప్పెడుని కప్పులో పోసి కొలిచి రాసుకోండి. వాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. రేపు ఏ హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో కాపురం పెట్టిన మీ అమ్మాయి ఫోన్ చేసి ఎంత వెయ్యాలమ్మా అని అడిగితే, తగినంత అని చెప్పి ఊరుకోకుండా లెక్క చదివి వినిపించవచ్చు.